డిష్ యాంటెన్నాతో కెప్టెన్ అమెరికా డాలు చేస్తున్నా, ఎక్కడో తేడా కొడుతోంది

మూడోఅంతస్తు (సోమవారం, రాత్రి 10:20)

అందరికీ నమస్తే. మా అక్క కొడుకు ఆరో తరగతి. బడిలో ఫ్యాన్సీ డ్రెస్ పోటీకి ఇంకా మూడు వారాలుంది. వాడు కెప్టెన్ అమెరికా వేషం వేస్తాడట. డ్రెస్సు అద్దెకు దొరికింది గానీ, దాంతోపాటు ఇచ్చిన డాలు పెళ్లిళ్లలో టిఫిన్ పెట్టే ప్లాస్టిక్ ప్లేటులా ఉంది. "మామా, నువ్వు ఇంజనీరువే కదా, నువ్వే చేసిపెట్టు" అని కూర్చున్నాడు. సాఫ్ట్‌వేర్ వాడికి సుత్తి పట్టుకోవడం రాదని ఆ పిల్లాడికి ఎలా చెప్పను?

మేడ మీద పాత డీటీహెచ్ డిష్ తుప్పు పట్టి పడి ఉంటే దింపాను. ముందుకు పొడుచుకొచ్చిన కడ్డీ ఊడదీసి, బొక్కలు ఎంసీల్‌తో మూసి, వెండి రంగు స్ప్రే కొట్టాను. నడిమధ్యన మేకు ఆనించి, దారం కట్టి, పెన్సిల్‌తో వలయాలు గీశాను. బయట ఎరుపు, తర్వాత వెండి, మళ్లీ ఎరుపు, మధ్యలో నీలం, దాని మీద నక్షత్రం. రంగులన్నీ ఆరాక గోడకు ఆనించి నాలుగడుగులు వెనక్కి వచ్చి చూస్తే ఏదో తేడా. పక్కల ఎర్ర పట్టీ సన్నగా, పైనా కిందా లావుగా ఉంది. టేపు పెట్టి కొలిచాను. అడ్డం 58 సెంటీమీటర్లు, నిలువు 63.

నేను గీసిన వలయాలు గుండ్రంగానే ఉన్నాయి, డిష్షే గుండ్రంగా లేదు. ఇప్పుడేం చెయ్యాలి? అసలు సినిమా వాళ్లు దీన్ని దేంతో చేస్తారు?

ఊరికేచూసేవాడు (సోమవారం, రాత్రి 10:31)

ఇది కెప్టెన్ అమెరికా కాదన్నా, కెప్టెన్ ఆమ్లెట్.

గేర్‌బాక్స్ (సోమవారం, రాత్రి 11:05)

నీ తప్పేం లేదు. డీటీహెచ్ డిష్‌లు పుట్టుకతోనే కోలగా ఉంటాయి. పెద్ద గిన్నెలో అడుగు భాగం వదిలేసి పక్క నుంచి ఒక ముక్క కోసినట్టు అన్నమాట. సిగ్నల్ పట్టుకునే పరికరం డిష్‌కి అడ్డం రాకూడదని దాన్ని కిందకి జరుపుతారు, దానికి తగ్గట్టు డిష్ ఆకారం కూడా మారుతుంది. సిగ్నల్ వచ్చే వైపు నుంచి చూస్తే అది గుండ్రమే. అంటే శాటిలైట్ మీద కూర్చుని చూసేవాడికి నీ డాలు బ్రహ్మాండంగా ఉంటుంది.

కత్తిరించి గుండ్రం చేద్దామని మాత్రం అనుకోకు. రేకు అంచు బ్లేడులా తేలుతుంది, పిల్లాడి చేతికి అది వద్దు.

తారాజువ్వ (మంగళవారం, ఉదయం 6:50)

పదకొండేళ్లుగా హైదరాబాద్‌లో ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో పని చేస్తున్నాను. ఇంకో అరగంటలో లొకేషన్ బండి ఎక్కాలి, ఈలోపు నాలుగు ముక్కలు.

డైరెక్షన్ వాళ్లు వచ్చి "ఒక కత్తి కావాలి" అంటే మేం అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని?" అని. తెర మీద డాలు ఒకటే, సెట్‌లో ఎప్పుడూ ఒకటి ఉండదు. 2011లో వచ్చిన మొదటి కెప్టెన్ అమెరికా సినిమాకే చూడు. దగ్గర నుంచి తీసే షాట్‌లకు అల్యూమినియం డాలు, పరుగులు పెట్టేటప్పుడు చెయ్యి లాగకుండా తేలికైన ఫైబర్ డాలు, ఫైట్లలో ఎదుటివాడి మొహానికి తగిలినా పళ్లు రాలకుండా మెత్తటి రబ్బరు డాలు. విసిరాక గాల్లో తిరిగి గోడకు కొట్టుకుని వెనక్కి వచ్చేది కంప్యూటర్ వాళ్ల డాలు. షూటింగ్‌లో వాడే వస్తువుని ప్రాప్ అంటాం. దగ్గర షాట్ దాన్ని హీరో ప్రాప్ అంటారు, దెబ్బలు తినేదాన్ని స్టంట్ ప్రాప్ అంటారు. హీరో పట్టుకునేది కాబట్టి హీరో ప్రాప్ అని చాలామంది అనుకుంటారు. కాదు, కెమెరా ముక్కు పెట్టి చూసేది హీరో ప్రాప్. హీరోగారి చేతిలో రోజంతా ఉండేది చాలాసార్లు స్టంట్ ప్రాపే.

నాకు ఈ బుద్ధి ఒక పౌరాణిక సినిమా దగ్గర వచ్చింది, పేరెందుకులే. గద ఒకటి చాలు, డబ్బులు దండగ అన్నారు పైవాళ్లు. రెండో రోజే ఫైటర్ జారి దాని మీద పడ్డాడు, పిడి దగ్గర టప్పున విరిగింది. లైట్లు వేసి ఉన్నాయి, జూనియర్ ఆర్టిస్టులు ఎండలో నిలబడి ఉన్నారు, నేను మేకప్ వాళ్ల హెయిర్ డ్రయ్యర్ అడుక్కొచ్చి అతుకు ఆరబెడుతున్నాను. మూడు గంటలు పోయాయి. అప్పటి నుంచి దేన్నయినా రెండుకి తక్కువ చెయ్యను.

కాబట్టి నువ్వు చెప్పాల్సింది ఒకటే. మీవాడు ఆ డాలుతో ఏం చేస్తాడు?

మూడోఅంతస్తు (మంగళవారం, ఉదయం 9:15)

విసురుతాడన్నా. స్టేజీ మీద వద్దని ఒట్టు వేయించుకుంటాం, దిగాక మాత్రం విసురుతాడు. వాడి ఫ్రెండ్స్ కూడా విసురుతారు.

పొణికి (మంగళవారం, మధ్యాహ్నం 2:40)

మా నాన్నగారు పద్యనాటకాల్లో భీముడి వేషం కట్టేవారు. ఆ గద ఎలా ఉండేదో చెప్తాను, నీ పనికి పనికిరావచ్చు.

బాగా ఎండిన సొరకాయ బుర్ర తీసుకునేవారు. దానికి వెదురు పిడి దిగ్గొట్టి, మైదా జిగురులో తడిపిన పాత పంచె ముక్కలు నాలుగైదు వరసలు అంటించేవారు. ఎండాక పైన కాగితం, దాని మీద తగరపు రేకు. పెట్రోమాక్స్ వెలుతురులో అది బంగారమే. కిరీటం, భుజకీర్తులు పొణికి చెక్కతో చేయించేవారు. కొండపల్లి బొమ్మలు చేస్తారే, ఆ చెక్క. చేత్తో పట్టుకుంటే ఉన్నట్టే ఉండదు. తెల్లవార్లూ ఆడే నాటకం మరి, నెత్తి మీద బరువుంటే పద్యం ఎక్కడ ఎత్తుకుంటాడు?

చిన్నప్పుడు నేను ఆ గదని ఒంటి వేలితో లేపి నవ్వితే నాన్న ఒకటే అన్నారు, "గద బరువు చేతిలో ఉండదురా, నడుంలో ఉంటుంది." రాత్రి స్టేజీ మీద అదే సొరకాయ బుర్రని దించేటప్పుడు మోకాళ్లు వంచి, నడుం వెనక్కి వేసి దించేవారు. ముందు వరసలో కూర్చున్న పిల్లలు కాళ్లు వెనక్కి లాక్కునేవాళ్లు. తేలిగ్గా చెయ్యి నాయనా. బరువు సంగతి పిల్లాడికి నేర్పు.

సీజీసూరి (మంగళవారం, రాత్రి 8:30)

బాబాయ్ గారి మాటకు దణ్ణం. కానీ అటువైపు సంగతి కూడా ఒకటుంది.

2008 ఐరన్ మ్యాన్‌లో గుహలో ఇనుప సామానుతో చేసుకున్నట్టు చూపించే మొదటి కవచం గుర్తుందా? అది కంప్యూటర్ బొమ్మ కాదు. స్టాన్ విన్‌స్టన్ స్టూడియో వాళ్లు నిజంగా తయారు చేశారు. 40 కిలోల దాకా ఉంటుంది. లోపల ఉన్న మనిషి ఎలా నడుస్తాడో చూడండి, ఒక్కో అడుగు బీరువా జరిపినట్టు పడుతుంది. అది నటించింది కాదు, మోసింది.

తర్వాత వచ్చే ఎరుపూ బంగారం కవచం కథ వేరు. సెట్‌లో చాలాసార్లు నటుడు ఛాతీ పై భాగం మాత్రం తొడుక్కునేవాడు, మిగతాది ఐఎల్ఎం అనే గ్రాఫిక్స్ కంపెనీ వాళ్లు కంప్యూటర్‌లో అతికించేవారు. ఎక్కడ అసలుది ఆగిందో, ఎక్కడ మా కంప్యూటర్ వాళ్ల బాపతుది మొదలైందో పట్టుకోవడం కష్టం. ఎందుకంటే పక్కనే అసలుది ఉంది, మేం దాన్ని చూసి మ్యాచ్ చేస్తాం. రెండో సినిమాకి నటుడి చేతులు స్కాన్ చేసి, ఆ కొలతలకే గ్లవ్స్ 3డి ప్రింట్ చేశారు. తొడుక్కుంటే వేళ్లు మడవగలగాలి కదా. మొదటి సినిమా విడుదలైన నెలన్నరకే, 2008 జూన్‌లో స్టాన్ విన్‌స్టన్ పోయారు. ఆయన దగ్గర పనిచేసిన సీనియర్లే లెగసీ ఎఫెక్ట్స్ అని పెట్టుకుని ఆ పని కొనసాగించారు.

ఊరికేచూసేవాడు (మంగళవారం, రాత్రి 8:44)

ఇప్పుడు ఇవన్నీ ఎవడికి కావాలి సూరీ? అవెంజర్స్ ఎండ్‌గేమ్‌లో అందరూ వేసుకున్న తెల్ల సూట్లు మొత్తం కంప్యూటరే అట కదా. ఇక ఆర్ట్ డిపార్ట్‌మెంట్ దుకాణం మూసుకోవచ్చు.

సీజీసూరి (మంగళవారం, రాత్రి 9:20)

ఆ సూట్లు కంప్యూటర్‌వే, నిజమే. షూటింగ్ నాటికి డిజైన్ ఖాయం కాలేదు, అందుకని తర్వాత తొడిగారు. దాన్ని గొప్పగా చెప్పుకునే వాళ్లున్నారు గానీ, రాత్రుళ్లు కూర్చుని మెడ దగ్గర సరిచేసేది మేము. మనిషి మెడ కదిలినప్పుడు కాలర్ ఎలా ముడతపడాలో చూసుకోవడానికి అసలు కాలరే లేకపోతే ఊహించి చెయ్యాలి.

అసలు వస్తువు సెట్‌లో ఉంటే మా పని సగం అయినట్టే. ప్రతి సెటప్‌లో ఒక మెరిసే గోళం, ఒక బూడిద రంగు గోళం కెమెరా ముందు పెట్టి తీస్తారు. మెరిసేదాంట్లో చుట్టూ లైట్లు ఎక్కడున్నాయో కనిపిస్తుంది, బూడిద దాంట్లో నీడ ఎంత చిక్కగా పడుతోందో తెలుస్తుంది. వాటితోపాటు అసలు ప్రాప్ కూడా అదే వెలుతురులో తిప్పి చూపిస్తే మాకు పండగ. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో ప్రాప్ పంపలేదు. ఎవరో ట్యూబ్‌లైట్ కింద ఫోన్‌తో తీసిన ఫొటో పంపారు. ఆ ఫొటోలో ఎరుపు వంకాయ రంగుకి తిరిగింది. మేం అదే ఎరుపు అనుకుని మూడు వారాలు పని చేశాం. తర్వాత ఏం జరిగిందో చెప్పను, మా టీమ్ లీడ్ ఇప్పటికీ వంకాయ కూర తినడు.

వర్జీనియావాన (బుధవారం, ఉదయం 7:10)

ఎవరికి కావాలి అన్న తమ్ముడికి ఒక మాట. వాషింగ్టన్‌లో ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర, సంస్కృతుల మ్యూజియం ఉంది. 2023లో అక్కడ ఒక ప్రదర్శనకి పిల్లల్ని తీసుకెళ్లాను. చాడ్విక్ బోజ్‌మన్ వేసుకున్న బ్లాక్ పాంథర్ సూటు అద్దాల పెట్టెలో పెట్టారు. మావాడు అద్దానికి మొహం ఆనించి ఊపిరితో ఆవిరి చేసేశాడు.

తెరమీద అది నల్లగా కనిపిస్తుందంతే. దగ్గరికెళ్తే గుడ్డంతా చిన్న చిన్న త్రిభుజాలు ఉబ్బెత్తుగా ఉంటాయి. కాస్ట్యూమ్స్ చేసిన రూత్ కార్టర్ కావాలని పెట్టించింది, ఆఫ్రికా కళల్లో పదేపదే కనిపించే ఆకారం అని. ఆ సినిమాకి ఆమెకి ఆస్కార్ వచ్చింది. అందులో రాణి రమోండా పెట్టుకునే తెల్లటి పెద్ద కిరీటం కూడా చూడాల్సిందే. జులు ఆడవాళ్ల సంప్రదాయ టోపీ ఆధారంగా జూలియా కోర్నర్ అనే డిజైనర్‌తో కలిసి కంప్యూటర్‌లో గీసి, 3డి ప్రింట్ చేయించారు. చేత్తో అల్లితే అంత లెక్కగా రాదు, పోత పోస్తే అంత సన్నగా రాదు. లేసు అల్లికలా ఉంటుంది, మెడ మీద బరువు పడదు. పొణికి బాబాయ్ గారు చెప్పిన కిరీటం సంగతే మళ్లీ, చెక్క మారింది.

తారాజువ్వ (బుధవారం, రాత్రి 11:50)

షూటింగ్ పేకప్ అయింది, నిద్ర రావట్లేదు. దుకాణం మూసుకోమన్నవాడి కోసం నాకు బాగా ఇష్టమైనది ఒకటి రాస్తాను.

2004 స్పైడర్ మ్యాన్ 2. డాక్టర్ ఆక్టోపస్ వీపు నుంచి వచ్చే నాలుగు ఇనుప చేతులు. వాటిలో చాలా షాట్‌లకు నిజంగానే చేతులు కట్టారు. ఎడ్జ్ ఎఫెక్స్ అనే కంపెనీ చేసింది. ఇనుము కాదు, ఫోమ్ రబ్బరు. ఒక్కొక్కటి ఎనిమిది అడుగులు. మొత్తం సరంజామా కలిపి 45 కిలోల దాకా బరువు, వాటిని మోయడానికి నటుడు ఆల్ఫ్రెడ్ మొలీనా నడుముకి లోహం, రబ్బరు కలిపి చేసిన పట్టీ, వీపు మీద రబ్బరు వెన్నెముక. ఒక్కో చేతిని నలుగురు ఆడించేవారు. అంటే ఒక మనిషి వెనక పదహారు మంది! మొలీనా ఒళ్లు కదిలితే చేతులు కదిలాయా, చేతులు లాగితే ఒళ్లు కదిలిందా తెలియకూడదని ప్రతి సీనూ అందరూ కలిసి రిహార్సల్ చేశారు.

మొలీనా ఆ చేతులకు పేర్లు కూడా పెట్టుకున్నాడు. లారీ, హ్యారీ, మో, ఫ్లో. ఫ్లో అని ఆడపేరు ఎందుకంటే దాన్ని ఆడించింది ఒక ఆవిడ. కళ్లద్దాలు మెల్లగా తీయడం లాంటి నాజూకు పనులన్నీ ఫ్లోవే. ఆ షాట్ మళ్లీ వేసుకుని చూడండి. లోహపు పంజా వచ్చి కళ్లద్దాల్ని పట్టుకునే ముందు ఒక్క క్షణం తటపటాయిస్తుంది. నాకైతే ఆ తటపటాయింపు ఆ ఆడించేవాళ్ల మణికట్టులోది అనిపిస్తుంది.

2021లో అదే నటుడు అదే పాత్రలో మళ్లీ వచ్చాడు. ఈసారి చేతులన్నీ కంప్యూటర్‌వే. బాగున్నాయి, తప్పు పట్టను. మొలీనాకి నడుం నొప్పి తప్పింది. కానీ అవి తటపటాయించవు.

పొణికి (గురువారం, ఉదయం 5:55)

పదహారు మంది కలిసి ఒక మనిషికి చేతులాడించారంటే, అది తోలుబొమ్మలాటే కదయ్యా. మావైపు రావణుడి బొమ్మ ఆడించేవాడికి రెండు చేతులే, తెర వెనక కాళ్ల కింద చెక్కలు టకటక తొక్కుతూ పద్యం కూడా వాడే పాడాలి.

సీజీసూరి (గురువారం, ఉదయం 9:30)

తారాజువ్వ అన్నా, "తటపటాయించవు" అన్నది ఒప్పుకోను. తటపటాయించేలా మేం చెయ్యగలం. టైమ్ ఇస్తే. ఆ టైమే ఇవ్వరు.

గేర్‌బాక్స్ (గురువారం, రాత్రి 7:45)

చేతులూ కిరీటాలూ అయ్యాయి కాబట్టి బండ్ల దగ్గరికి వస్తా. 2005 బ్యాట్‌మ్యాన్ సినిమాలో టంబ్లర్ ఉంది చూడండి, దాని పుట్టుక దర్శకుడు నోలన్ ఇంటి గ్యారేజీలో. ప్రొడక్షన్ డిజైనర్ నేథన్ క్రౌలీ, నోలన్ కలిసి బొమ్మల దుకాణంలో దొరికే మోడల్ కిట్ల ముక్కలు పీకి, ఒకదానికొకటి అతికించి ఆకారం తెచ్చారు. సాధారణంగా అయితే ఇక్కడి నుంచి కంప్యూటర్‌కి వెళ్లిపోతుంది. వీళ్లు మాత్రం దాన్ని నిజంగా నడిచే బండిగా కట్టించారు. 5.7 లీటర్ల వీ8 ఇంజన్, రెండున్నర టన్నుల దాకా బరువు, ముందు చక్రాల మధ్య అడ్డంగా ఇరుసు కనిపించదు. ఒక్కటి కాదు, తారాజువ్వ అన్నట్టు పనికొకటి. వెనక నుంచి మంట వచ్చే బండిలో ప్రొపేన్ ట్యాంకులు పెట్టారు. మిగతావాటితో షికాగో వీధుల్లో పరుగులు పెట్టించారు.

మన కల్కి సినిమాలో బుజ్జి కూడా ఈ దారిలోనే వచ్చింది. మహీంద్రా వాళ్లు, కోయంబత్తూరులోని జయం ఆటోమోటివ్స్ వాళ్లు కలిసి కట్టారు. ఆరు టన్నులు. మూడే చక్రాలు, ముందు రెండు, వెనక ఒకటి. బ్యాటరీ మీద నడుస్తుంది. 2024 మేలో రామోజీ ఫిల్మ్ సిటీలో జనం ముందు నడిపించి చూపించారు. నేను మెకానికల్ వాణ్ణి, నన్ను ఆకట్టుకున్నది వేగం కాదు. ఆరు టన్నులు మూడు చక్రాల మీద ఉన్నప్పుడు మలుపు తిప్పితే ఏమవుతుంది? మన ఆటో మలుపులో లేస్తుందే, అదే సమస్య, ఇంతింతై. ఆ బొమ్మ గీసినవాడికి నిద్ర పట్టి ఉంటుంది, దాన్ని తిప్పించినవాడికి పట్టి ఉండదు.

ఊరికేచూసేవాడు (గురువారం, రాత్రి 8:02)

సరే, నా దుకాణం నేనే మూసుకుంటున్నా. ఒక డౌటు. పాత బ్యాట్‌మ్యాన్ ఎవరైనా పిలిస్తే తల తిప్పకుండా ఒళ్లంతా ఎందుకు తిప్పుతాడు? స్టైలా?

తారాజువ్వ (గురువారం, రాత్రి 11:30)

స్టైల్ కాదు తమ్ముడూ, ఖర్మ. 1989 సినిమాలో తల, మెడ, భుజాలు కలిపి ఒకే రబ్బరు ముసుగు. మైకేల్ కీటన్ మెడ తిప్పలేడు. అందుకే నడుం నుంచి మొత్తం తిరిగేవాడు, చూసేవాళ్లు అబ్బా ఏం గంభీరం అనుకున్నారు. 2005లో కూడా ఆ ఇబ్బంది పూర్తిగా పోలేదు. 2008లో డార్క్ నైట్‌కి వచ్చేసరికి కాస్ట్యూమ్ డిజైనర్ లిండీ హెమ్మింగ్ టీము ముసుగుని మెడ నుంచి విడదీసి, సూటుని వందకి పైగా ముక్కలుగా చేసింది. ఎంత గోల పడ్డారంటే, తల తిప్పగలిగే కొత్త సూటు కావాలని హీరో అడిగే మాట కథలోనే పెట్టుకున్నారు.

దర్జీని అడిగితే ఇది మొదటి రోజే చెప్పేవాడు. మెడ పట్టిన చొక్కా ఎవడూ వేసుకోడు.

మూడోఅంతస్తు (శుక్రవారం, ఉదయం 8:40)

నా డాలు ఎక్కడో తప్పిపోయినట్టుంది :) ఇంకా పదిహేను రోజులు. రాణిగంజ్‌లో ఫైబర్ రెజిన్ (గట్టిపడే జిగురు), మ్యాట్ (గాజు పోగుల గుడ్డ) దొరుకుతాయని ఆఫీసులో ఒకతను చెప్పాడు. పెద్ద వంటపాత్ర మూత మీద అచ్చు తీసి ఇంట్లోనే పోద్దామా అనుకుంటున్నాను. ఎవరైనా చేశారా?

తెనాలిఅచ్చు (శుక్రవారం, మధ్యాహ్నం 12:15)

మాది తెనాలి. మా మామగారి కాలం నుంచి విగ్రహాల పని, ఇప్పుడు ఎక్కువగా ఫైబరే. నేను లెక్కలు చూస్తాను, చెయ్యి ఖాళీ ఉంటే రుద్దుడు పని కూడా చేస్తాను. కాబట్టి చెప్పే హక్కు ఉంది. అపార్ట్‌మెంట్‌లో ఫైబర్ పని వద్దు తమ్ముడూ.

రెజిన్‌లో రెండు కలుపుతారు. ఒకటి కోబాల్ట్, ఊదా రంగులో ఉంటుంది. రెండోది గట్టిపడటానికి వేసే ద్రావకం, నీళ్లలా ఉంటుంది. ఈ రెండూ నేరుగా ఒకదాంట్లో ఒకటి పడకూడదు. పడితే మంటే, ఒక్కోసారి పేలుతుంది కూడా. ముందు కోబాల్ట్ రెజిన్‌లో వేసి బాగా కలిపేశాక, వాడబోయే ముందు రెండోది వందకి ఒకటి రెండు వంతులు వెయ్యాలి. ఎండ ఎక్కువుంటే ఇంకా తక్కువ. మా దగ్గర పని నేర్చుకోడానికి వచ్చిన కుర్రాడు తొందరగా గట్టిపడాలని మే నెలలో రెండోది ఎక్కువ పోసేశాడు. ప్లాస్టిక్ బకెట్‌లో రెజిన్ పొగలు కక్కి, బకెట్ అడుగు ఊడి, గచ్చు మీద ముద్దలా నిలబడిపోయింది. ఆ ముద్ద ఇప్పటికీ వాకిట్లో ఉంది, కొత్తగా వచ్చిన ప్రతివాడికీ చూపిస్తాం.

ఇక వాసన. మూడు రోజులు మెట్ల మీద నుంచి పోదు, కింద ఫ్లాట్ వాళ్లు పోలీసుల్ని పిలుస్తారు. ఆరాక రుద్దితే వచ్చే పొడి ఒంటికి అంటుకుంటే దురదే దురద. వేడి నీళ్లు పోసుకుంటే ఇంకా చచ్చిపోతారు, ముందు చన్నీళ్లే. ఇంత కష్టపడి చేస్తే గట్టిగా వస్తుంది, గట్టిది విసిరితే పక్క పిల్లాడి నుదురు చీలుతుంది. ఏం లాభం?

తారాజువ్వ (శుక్రవారం, రాత్రి 10:10)

ఆవిడ చెప్పిందే నా మాట కూడా. ఫోమ్‌తో చెయ్యి. పిల్లలు ఆడుకునే గదుల్లో పరిచే మందపాటి చాపలు ఉంటాయి చూడు, హవాయి చెప్పుల అట్టలాంటివి, ఈవీఏ అంటారు. పది మిల్లీమీటర్ల మందం తీసుకో. మా స్టంట్ ప్రాపులు సగం దాంతోనే.

చదునైన చాప గిన్నెలా వంగాలి, అదే చిక్కు. గుండ్రంగా కోసి, అంచు నుంచి లోపలికి సన్నటి త్రిభుజాలు ఎనిమిది కోసి తీసెయ్యి. గొడుగు బట్ట ముక్కలు ఎలా కలుస్తాయో అలా ఆ కోతలు దగ్గరికి లాగి అతికిస్తే అంచు దానంతటదే పైకి లేస్తుంది. అతకడానికి ఫెవికాల్ ఎస్‌ఆర్. రెండు వైపులా రాసి పది నిమిషాలు ఆగు, వేలు పెడితే అంటుకోనంత ఆరాక కలిపి నొక్కు. ఒకసారి కలిసిందంటే ఇక సర్దే అవకాశం లేదు, పెళ్లి లాంటిది. తర్వాత హీట్ గన్‌తో మొత్తం వేడి చేసి, బూరెలు వేయించే పెద్ద మూకుడు బోర్లించి దాని మీద అదిమి పట్టుకుని, చల్లారే దాకా వదలకు.

రంగు వేసే ముందు మామూలు తెల్ల ఫెవికాల్‌లో నీళ్లు కలిపి మూడు నాలుగు పూతలు వెయ్యి. లేకపోతే ఫోమ్ రంగంతా తాగేస్తుంది. థర్మాకోల్ జోలికి మాత్రం వెళ్లకు, స్ప్రే రంగు తగిలితే కళ్ల ముందే కరిగిపోతుంది. కొలత సంగతి, కామిక్స్ లెక్కలో డాలు రెండున్నర అడుగులు. అది ఆరడుగుల మనిషికి. ఆరో తరగతి పిల్లాడికి 50 సెంటీమీటర్లు చాలు, లేకపోతే డాలు నడిచొస్తున్నట్టు ఉంటుంది.

మూడోఅంతస్తు (ఆదివారం, సాయంత్రం 5:20)

చేశాను! రెండు చోట్ల కోత కలవలేదు, అక్కడ లప్పం పెట్టినట్టు గ్లూతో పూడ్చాను. గుండ్రంగా వచ్చింది, మూడు వైపుల నుంచి కొలిచాను. కానీ రంగు వేశాక బొమ్మల కొట్లో ప్లాస్టిక్‌లా ఉంది. సినిమాలో డాలు మీద చుట్టూ సన్నటి గీతలు మెరుస్తాయి కదా, లోహాన్ని తిప్పుతూ సానపట్టినట్టు. అది ఎలా వస్తుంది?

పొణికి (ఆదివారం, సాయంత్రం 6:30)

ఇంట్లో తిరుగలి ఉందా?

మూడోఅంతస్తు (ఆదివారం, సాయంత్రం 6:34)

అమ్మమ్మ వాళ్ల ఇంటి నుంచి తెచ్చింది ఉంది బాబాయ్. బాల్కనీలో తులసికోట పక్కన. ఎందుకు?

పొణికి (ఆదివారం, సాయంత్రం 6:50)

పిడి ఊడదీసెయ్యి. పై రాయి మీద పాత చీరని చుట్టకుదురులా చుట్టి పెట్టి, దాని మీద డాలు బోర్లించు. సరిగ్గా నడిమధ్యన కూర్చోవాలి, నక్షత్రం మధ్య చుక్క చూసుకుంటూ సర్దు. పిల్లాణ్ణి రాయి మెల్లగా తిప్పమను. నువ్వు గట్టి కుంచెకి నల్ల రంగు అద్ది, కాగితం మీద తుడిచేసి, దాదాపు ఆరిపోయాక, చెయ్యి కదపకుండా తాకీతాకనట్టు ఆనించు. కుంచె ఒకచోటే ఉండాలి, తిరిగేది డాలే.

తారాజువ్వ (ఆదివారం, రాత్రి 9:15)

బాబాయ్, మీరు మా డిపార్ట్‌మెంట్‌లో ఉండాల్సింది. నల్ల రంగులో కొంచెం గోధుమ రంగు కలుపు తమ్ముడూ, ఉత్త నలుపు మసిలా ఉంటుంది. అంచుల దగ్గర వెండి రంగు కొద్దిగా బయటపడేలా తుడువు. వాడిన వస్తువుకి అంచులే ముందు అరుగుతాయి.

వర్జీనియావాన (సోమవారం, ఉదయం 6:20)

డాలు అయ్యాక జాగ్రత్తగా దాచుకో తమ్ముడూ. 2001లో మొదటి స్పైడర్ మ్యాన్ తీస్తుండగా నాలుగు సూట్లు దొంగిలించారు, పట్టిస్తే 25,000 డాలర్లు ఇస్తామని ప్రకటించారు. 2018లో లాస్ ఏంజెలెస్‌లో ఒక గోదాం నుంచి మొదటి ఐరన్ మ్యాన్ సూటు కనిపించట్లేదని పోలీసు కేసు పెట్టారు. దాని విలువ 3,25,000 డాలర్లట!

ఊరికేచూసేవాడు (సోమవారం, ఉదయం 6:45)

పర్లేదక్కా, ఆమ్లెట్ డాలుని ఎవరూ ఎత్తుకుపోరు.

మూడోఅంతస్తు (పన్నెండు రోజుల తర్వాత, శనివారం, రాత్రి 9:40)

పోటీ అయిపోయింది. ముందు తిరుగలి సంగతి. మొదటిసారి నడిమధ్యన పెట్టలేదు, గీతలు చెదిరి డాలు మత్తులో ఉన్నట్టు వచ్చింది. తుడిచేసి మళ్లీ చేశాం. వాడు రాయి తిప్పుతున్నాడు, నేను ఊపిరి బిగబట్టి కుంచె పట్టుకున్నాను. నాలుగో చుట్టుకి గీతలు ఒకదాని పక్కన ఒకటి పడటం మొదలయ్యాయి. బాల్కనీలో సాయంత్రం ఎండ తగిలి మెరిస్తే వాడు తిప్పడం ఆపేసి చూస్తూ ఉండిపోయాడు. వాడు ఆపిన చోట ఒక మచ్చ పడింది. అలాగే ఉంచేశాను. అది తూటా తగిలిన గుర్తని బళ్లో అందరికీ చెప్పాడట.

పొణికి బాబాయ్ మాట ప్రకారం బరువుగా పట్టుకోవడం నేర్పాం. నిండు బిందె ఎత్తించి, "ఇలా ఎత్తినట్టు ఎత్తు" అన్నాను. స్టేజీ మీద డాలు కింద పెట్టేటప్పుడు మోకాళ్లు వంచి "హమ్మ్" అని ఒక శబ్దం చేశాడు, అది నేను నేర్పలేదు. రెండో బహుమతి. మొదటిది గంగిరెద్దు వేషం కట్టిన పాపకి. డోలు కూడా తనే తెచ్చుకుని వాయించింది, మేం నోరెత్తలేదు.

దిగాక పదిహేను మంది విసిరారు. ఒక చెవికి తగిలింది, ఏం కాలేదు. వెనక పట్టీలు పాత స్కూలు బ్యాగువి, ఒకటి ఊడింది.

తారాజువ్వ (శనివారం, రాత్రి 11:55)

ముందువైపు ఫొటో వద్దు, వెనక ఫొటో పెట్టు. పట్టీ ఎక్కడ ఊడిందో చూడాలి. గ్లూ వదిలిందా, ఫోమే చిరిగిందా? ఫోమ్ చిరిగితే లోపల చిన్న చెక్కముక్క వేసి బోల్టు బిగించాలి. రెండోది అలా చేద్దువు.

మూడోఅంతస్తు (ఆదివారం, ఉదయం 8:05)

ఫోమే చిరిగిందన్నా. ఫొటో సాయంత్రం పెడతాను, వాడు డాలు పక్కన పెట్టుకుని పడుకున్నాడు. పాత డిష్ మాత్రం అమ్మ తీసుకుంది. దాని మీద బట్ట పరిచి మేడ మీద వడియాలు పెట్టింది. కోలగా ఉంటే ఎక్కువ పడుతున్నాయట.